పల్నాటి రాత్రుల్లో పెట్రోమాక్సు వెలుగు

చరిత్ర అంటే కోటలూ, యుద్ధాలే కాదు. అటక మీద దుమ్ము పట్టి పడివున్న పెట్రోమాక్సు దీపానికీ చరిత్ర వున్నది. నరసరావుపేట, గురజాల, మాచర్ల పల్లెల్లో దీనిని గ్యాస్ లైటు అనేవాళ్లు. నిజానికి అందులో పోసేది కిరసనాయిలే. పంపుతో గాలి కొడితే నూనె పైకెక్కి, వేడికి ఆవిరై, మాంటిల్‌లో మండుతుంది.

ఈ మాంటిల్‌ను 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ కనిపెట్టాడు. 1891లో థోరియానికి కాస్త సీరియం కలిపి తెల్లని వెలుగు సాధించాడు. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లోని ఎహ్రిక్ అండ్ గ్రేట్జ్ కంపెనీ పెట్రోమాక్సును తయారుచేసింది. పెట్రోలియంలోని 'పెట్రో'కు మాక్స్ గ్రేట్జ్ పేరులోని 'మాక్స్' చేర్చి ఆ పేరు పెట్టారు. థోరియం వుండే మోనజైట్ యిసుక తిరువాన్కూరు తీరం నుంచి కూడా విదేశాలకు వెళ్లేది. అంటే ఆ వెలుగులో మన దేశపు యిసుకకూ వాటా వున్నదన్నమాట!

మా చిన్నతనం నాటికి వూళ్లో కరెంటు వున్నా, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. అందుకని పెండ్లికైనా, పీర్ల పండుగకైనా పెట్రోమాక్సులు అద్దెకు తెచ్చుకునేవాళ్లం. బరాత్‌లో వాటిని నెత్తిన పెట్టుకొని నడిచే మనుషులు వుండేవారు. తలమీద గుడ్డచుట్ట, దానిపైన కాలే దీపం. మెడ తిప్పే వీలు లేదు. పెండ్లికొడుకు సెహ్రా అందరికీ కనిపించేది గానీ, దీపం మోసేవాని ముఖం నీడలోనే వుండేది. పీర్ల ముందు వెలుగు పట్టిన వారిలో ముస్లిములూ వున్నారు, హిందువులూ వున్నారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

కొన్నేండ్లుగా మేము పాత దీపాలు బాగుచేస్తున్నాము. ముందు టాంకీలోని పాత నూనె వంచి, కడిగి ఆరబెట్టాలి. పంపు గాలి పట్టకపోతే తోలు వాషరు ఎండిందేమో చూడాలి. నూనెలో నానబెడితే మెత్తబడుతుంది. నాజిల్‌లో మసి వుంటే సన్నని పిన్నుతో తీయాలి. టాంకీకి పగులు వుంటే వెలిగించనే కూడదు. పెట్రోలు పోయనే కూడదు. పాత మాంటిల్‌లోని థోరియానికి రేడియోధార్మికత వున్నది గనుక, రాలిన బూడిదను వూదకండి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

బాగుచేసిన దీపాన్ని తరగతిలో చూపిస్తే పిల్లలు "స్విచ్చి ఏదీ సార్?" అని అడిగారు. నవ్వొచ్చింది గానీ, చెప్పవలసింది మనమే గదా! మీ యింట పెట్రోమాక్సు వుంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. ఆ దీపం ఎవరి పెండ్లికి వెలిగిందో, ఎవరు మోశారో పెద్దలనడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి. దీపాన్ని మేము బాగుచేయగలం. ఆ పేర్లు మాత్రం పెద్దలు వుండగానే అడగాలి.