లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు పరీక్షా కాల్పులు

లీ-ఎన్‌ఫీల్డ్ 20వ శతాబ్దపు పూర్వార్ధంలో బ్రిటిషు సామ్రాజ్య సైన్యాలు వాడిన ప్రధాన రైఫిలు. మన పోలీసుల భుజాన చూసి తెలుగువారు "త్రీ నాట్ త్రీ" అని పిలుచుకున్న తుపాకి ఇదే. దశాబ్దాలుగా వాడకంలో లేని ఇటువంటి రైఫిలు కాల్చడానికి తగినదో కాదో రేంజీలో నిర్ధారించుకోవడాన్ని పరీక్షా కాల్పులు అంటారు. భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం .303 నిషిద్ధ బోరు. అందువలన ఇక్కడ వివరించిన పద్ధతి ముఖ్యంగా బ్రిటన్, అమెరికా, కెనడా వంటి దేశాలలో అనుమతి పొందిన సేకర్తలకు సంబంధించినది.

నేపథ్యం

బోల్టును, మ్యాగజైనును రూపొందించినవాడు జేమ్స్ పారిస్ లీ. రెండవ పదం ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం పేరు. 1907లో వచ్చిన మార్క్ 3 రకం మొదటి ప్రపంచ యుద్ధంలో విస్తారంగా వాడబడింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం కూడా వీటిని తయారుచేసింది. మార్క్ 7 తూటాలోని గుండు బరువు సుమారు 11.3 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 744 మీటర్లు.

కాల్చే ముందు

మొదట రైఫిలు ఖాళీగా ఉన్నదని చూసుకోవాలి. బ్యారెల్‌లో అడ్డంకి, ఉబ్బు, పగులు ఉండరాదు. "డి.పి." అని ముద్ర ఉన్నవి కవాతు శిక్షణకు కేటాయించినవి, వాటిని కాల్చరాదు. ఇషాపూర్‌లో 1960లలో తయారైన 2ఎ రకం చూడటానికి అచ్చం పాతదానిలాగే ఉంటుంది కాని దాని తూటా 7.62 మి.మీ.ది. రూపాన్ని చూసి తూటాను ఎంచుకోవడం కంటే పెద్ద పొరపాటు లేదు.

అసలు కీలకం హెడ్‌స్పేస్. .303 తూటా అడుగున అంచు ఉంటుంది. బోల్టు మూసినప్పుడు ఆ అంచు కోసం మిగిలే చోటే హెడ్‌స్పేస్. ఇది సాధారణంగా 0.064 - 0.074 అంగుళాల మధ్య ఉండాలి, గేజితో కొలుస్తారు. చోటు ఎక్కువైతే పేలుడు ఒత్తిడికి ఇత్తడి తొడుగు వెనుకకు సాగి, అడుగుభాగానికి కొంచెం పైన తెగిపోవచ్చు. అప్పుడు వేడి వాయువు కాల్చేవాని ముఖంవైపు చిమ్మే ప్రమాదం ఉన్నది. యుద్ధానంతరం బోల్టులు తారుమారైన రైఫిళ్ళు ఎన్నో ఉన్నాయి గనుక బోల్టు మీది సంఖ్య, రైఫిలు సంఖ్య ఒకటేనా అని చూడాలి. ఒకటే అయినా గేజి కొలత తప్పదు. చాంబరులో నూనె ఉంటే బోల్టుపై తాకిడి పెరుగుతుంది, పొడిగా తుడవాలి.

తొలి తూటా

తొలి తూటాను భుజానికి ఆనించి కాల్చరు. రైఫిలును బరువైన స్టాండుకు బిగించి, ట్రిగ్గరుకు పొడవైన తాడు కట్టి, అడ్డుగోడ వెనుకనుండి లాగుతారు. మ్యాగజైను నింపకుండా ఒక్కొక్క తూటానే వాడతారు. ట్రిగ్గరు లాగినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యంవైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

రైఫిలు చెక్కుచెదరలేదు కదా అని తృప్తిపడరాదు. బయటపడిన ఖాళీ తొడుగును పరిశీలించాలి. అడుగుకు పైన చుట్టూ మెరిసే గీత కనిపిస్తే ఇత్తడి అక్కడ పలచబడిందని అర్థం. చివర వంచిన సన్నని తీగను లోపల జరిపితే ఆ చోట గాడి చేతికి తెలుస్తుంది. ఈ తుపాకుల చాంబరు కొంత వదులుగా ఉండటం మామూలే కనుక స్వల్పంగా సాగడం దోషం కాదు. పగులు, గాడి, చిల్లుపడిన ప్రైమరు ఉంటే మాత్రం కాల్పులు ఆపి నిపుణునికి చూపాలి. కొన్ని తొడుగులు బాగున్నాయని తేలిన తరువాతనే కంటి అద్దాలు, చెవి రక్షణ ధరించి భుజానికి ఎత్తుతారు. వెనుక సైటులో కనీస దూరం 200 గజాలు కావటం వలన 100 గజాల వద్ద గుండ్లు కాస్త ఎత్తుగా తగలవచ్చు. అది రైఫిలు లోపం కాదు.

శుభ్రపరచడం

పాత సైనిక తూటాల ప్రైమరులోని పొటాషియం క్లోరేటు మండి పొటాషియం క్లోరైడు అనే లవణాన్ని మిగుల్చుతుంది. ఇది గాలిలోని తేమను పీల్చి బ్యారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. లవణం నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. అందుకే కాల్చిన రోజే వేడినీరు పోసి, ఆరబెట్టి, ఆపై నూనె రాస్తారు.