పనిదారిలో సాయంత్రపు షికారు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రోడ్డు కథ

చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ చేరే రోడ్డు తూర్పు హైదరాబాద్‌కు ప్రధాన మార్గం. విజయవాడ వెళ్లే పాత 9వ నంబరు జాతీయ రహదారి ఇదే. 2010లో నంబర్లు మార్చాక ఆ రహదారి 65 అయింది. పగలంతా లారీలు, బస్సులతో సరుకులూ ఉద్యోగులూ కదిలే ఈ దారి పొద్దువాలాక బజారుగా మారుతుంది. పార్సిల్ ఇవ్వడానికో, కాగితాలు జిరాక్స్ తీయించడానికో బండి తీసినవారు పండ్లు కొని, చాయ్ తాగి, సరూర్‌నగర్ చెరువు గట్టు చుట్టి తీరిగ్గా ఇల్లు చేరడం ఇక్కడ మామూలే. పనీ షికారూ ఒకే దారిలో సాగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు సముద్రపు వాకిలి మచిలీపట్నం. 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. వజ్రాలు, అద్దకం బట్టలు రాజధానికీ రేవుకూ మధ్య నడిచింది ఈ తూర్పు దిక్కునే. ఆ బాటలో నగరానికి చేరువలోని మజిలీ హయత్‌నగర్. సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరది. అక్కడి మసీదు, దాని పక్కనున్న పెద్ద దిగుడుబావి నేటికీ నిలిచి ఉన్నాయి. మలక్‌పేటకు ఆ పేరు అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మాలిక్ యాకూబ్ వల్ల వచ్చిందంటారు.

అసఫ్‌జాహీల హయాంలో ఈ దారి పక్కన తోటలు, విడిది మహళ్లు లేచాయి. రెండో నిజాం దివాను అరిస్తూ జా భార్య సురూర్ అఫ్జా బాయి పేరుతో సరూర్‌నగర్ ఏర్పడింది. నిజాం సైన్యాన్ని నడిపిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో మరణించగా అస్మాన్‌గఢ్ గుట్టపై సమాధి కట్టారు; మూసారాంబాగ్ అన్నది ఆయన పేరును జనం పలికిన తీరే. 1831లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ మీద వంతెన కట్టడంతో నగరం నుంచి ఈ వైపు రాకపోకలు తేలికయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో 1886లో గుర్రప్పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. సరూర్‌నగర్‌లో ఆయన కట్టించిన మహలు మాత్రం, 1901లో విక్టోరియా రాణి చనిపోయాక ఆమె జ్ఞాపకార్థం అనాథ పిల్లలకు నీడగా మారింది. వనస్థలిపురం పక్కన నిజాంలు వేటాడిన అడవి ఇప్పుడు మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం.

దిల్‌సుఖ్ రాంపర్షాద్ అనే భూస్వామి పొలాలే దిల్‌సుఖ్‌నగర్ అయ్యాయి. మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరుతో ఎల్బీనగర్ వెలసింది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు సొంత ఊరి బస్సు దొరికే దిక్కునే ఇల్లు వెతుక్కోవడంతో గడ్డిఅన్నారం, కొత్తపేట, నాగోలు, మన్సూరాబాద్ గ్రామాల పొలాలు కాలనీలయ్యాయి. సంక్రాంతి ముందు రోజుల్లో ఎల్బీనగర్ కూడలిలో సంచులతో బస్సుల కోసం నిలబడే కుటుంబాలు ఆ బంధానికి సాక్ష్యం. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి.

సాయంత్రపు సందడికి కొత్తపేటలో ఊపిరి పోసింది పండ్ల మార్కెట్. 1986లో నగరం నడిబొడ్డు నుంచి ఇక్కడికి తరలి, గడ్డిఅన్నారం మార్కెట్‌గా పేరు పొందింది. తెల్లవారుజామున నల్గొండ బత్తాయి, వేసవిలో బంగినపల్లి మామిడి లారీల్లో దిగేవి. కమీషన్ ఏజెంట్లు వేలం వేస్తే హమాలీలు మోసేవారు. అక్కడ కొన్న పండ్లే సాయంత్రానికి రోడ్డు వెంట తోపుడు బండ్లపైకి చేరేవి. ఉద్యోగం నుంచి ఇంటికెళ్లేవారు ఆగి బేరమాడేది అక్కడే. దిల్‌సుఖ్‌నగర్ వైపు బట్టల దుకాణాలు, బంగారు కొట్లు, సాయిబాబా గుడి, కోణార్క్, వెంకటాద్రి సినిమా హాళ్లు జనాన్ని నిలిపేవి. కోచింగ్ సెంటర్ల విద్యార్థులతో హాస్టళ్లు నిండాయి. వారి కోసమే పుస్తకాల కొట్లు, టిఫిన్ బండ్లు రాత్రి దాకా వెలిగాయి. మంగళవారం సాయంత్రమైతే చాలామంది బళ్లు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి వైపు తిరుగుతాయి.

ఈ సందడి మీదే దెబ్బ కూడా పడింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఏడు గంటల వేళ, బస్టాపులు, హోటళ్లు కిటకిటలాడుతుండగా, సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు దిల్‌సుఖ్‌నగర్‌లో పేలాయి. బలైనవారు ఏ సంబంధమూ లేని బాటసారులు, విద్యార్థులు. 2016లో ఐదుగురు దోషులకు ప్రత్యేక కోర్టు విధించిన మరణశిక్షను 2025లో తెలంగాణ హైకోర్టు సమర్థించింది. ఈ పేలుళ్లకు ముందు, 2009 నవంబరు 29న, ప్రత్యేక తెలంగాణ కోసం శ్రీకాంతాచారి ఎల్బీనగర్ కూడలిలో ఒంటికి నిప్పంటించుకుని డిసెంబరు 3న కన్నుమూశాడు. ఆ కూడలికి అతని పేరు పెడుతున్నట్లు 2023లో ప్రభుత్వం ప్రకటించింది.

విజయవాడ రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే ఎల్బీనగర్ దగ్గర రద్దీ పెరగడంతో 2018 నుంచి 2023 దాకా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య 16 కిలోమీటర్ల మెట్రో మొదలైంది. సరూర్‌నగర్ మహలులోని అనాథాశ్రమం పేరే విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌కు దక్కింది. పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలింది. దాని స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.

మార్కెట్ వెళ్లినా కొత్తపేటలో పండ్ల బండ్లు పోలేదు. ఫ్లైఓవర్లు దూరప్రయాణికులను కూడలి దాటిస్తాయే గాని, ఆగి పండ్లు బేరమాడేవారికి వాటితో పనిలేదు. అయితే ఆగడానికి చోటు ఉండాలి, అది నీట మునగకూడదు కూడా. పొలాలు కాలనీలైన కొద్దీ వాన నీరు వెళ్లే దారులు ఇరుకయ్యాయి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. చెరువును, గట్టును, నడిచేవారి బాటను కాపాడుకోవడం ఈ రోడ్డుకు కొత్త వంతెనలంత అవసరం. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా మెట్రో పొడిగింపు రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. అది పూర్తయితే కుతుబ్‌షాహీల నాటి మజిలీ వరకూ రైలు వెళ్తుంది.