గ్రహోత్పత్తి వాదములు – జీవయోగ్యలోకముల ప్రశ్న

జీవయోగ్యములగు లోకములు విరివియా, విరళములా యను ప్రశ్నకు విద్వాంసులిచ్చిన సమాధానము, గ్రహోత్పత్తినిగూర్చి వారంగీకరించిన వాదము ననుసరించియే మారుచు వచ్చినది.

సూర్యుడును గ్రహములును ఒకే నీహారికనుండి జనించినవని 1755లో కాంటు, 1796లో లాప్లాసు ప్రతిపాదించిరి. ఈ మతమున గ్రహములు నక్షత్రజననమునకు సహజఫలములు, కావున లోకములనేకములు. ఐనను ఒక చిక్కు కలదు. సౌరకుటుంబ ద్రవ్యరాశిలో 99 శాతమునకు మించి సూర్యునియందుండగా, కోణీయ ద్రవ్యవేగము దాదాపంతయు గ్రహములయందున్నది. దీనికి నీహారికావాదమున సమాధానము దొరకలేదు. అందుచే 20వ శతాబ్ద్యారంభమున చేంబర్లిన్, మౌల్టన్, పిమ్మట జీన్సు వేరొక మార్గము త్రొక్కిరి: మరియొక నక్షత్రము సమీపమున సాగిపోవుచు సూర్యద్రవ్యమును వెలికి లాగగా గ్రహములేర్పడెనట. అట్టి సమాగమ మత్యంత విరళము. కావున జీన్సు దృష్టిలో జీవలోకములును విరళములే.

అట్లు వెలువడిన తప్తవాయువు ఘనీభవింపక చెదరిపోవునని 1939లో స్పిట్జర్ చూపెను. సూర్యుని భ్రమణమును అయస్కాంతక్షేత్రమును సౌరపవనమును మందగింపజేసినవని తెలియుటతో పాత చిక్కును సడలెను. ధూళికణములు కూడి గ్రహములగు క్రమమును 1969లో సఫ్రోనోవ్ గణితముతో వివరించెను. 1995లో మేయర్, కెలోజ్ సూర్యునిబోలు 51 పెగాసి చుట్టు గ్రహమును కనుగొనిరి. నేడట్టి పరగ్రహములు 5,000కు మించి తెలిసినవి.

గ్రహములు విరివియైనంతమాత్రమున జీవము విరివి యని చెప్పరాదు. పరిమాణమున భూమికి సాటియగు శుక్రుని ఉపరితలము సుమారు 460 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి గలది. చిన్నదగు అంగారకుడు తన వాయుమండలమున అధికభాగమును కోల్పోయెను. ద్రవజలమును చిరకాలము నిలుపుకొను గ్రహములెన్ని యనునదే ఇప్పటి ప్రశ్న. జీన్సు తలచిన విరళత్వమును ఇక గ్రహముల పుట్టుకయందు గాక, వాని పిదపటి చరిత్రయందు పరీక్షింపవలసియున్నది.