బాగా తిరిగిన బండి, బాగా తెలిసిన చుట్టం

మైలేజీ అన్న మాటను మనం ఒక్క అర్థంలోనే వాడతాం, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది అని. ఇంగ్లీషు వాళ్ళు ఆ మాటతోనే బండి పుట్టినప్పటి నుంచి ఎంత తిరిగిందో కూడా చెబుతారు. దానికి మనం "రీడింగ్ ఎంత?" అంటాం, లేకపోతే "బాగా తిరిగిన బండేనా?" అంటాం. మా ఇంటికొచ్చిన కారు రీడింగ్ లక్షా తొంభై రెండు వేలు. 2012 నాటి డిజైర్, డీజిల్. ఒంగోల్లో ఉండే మా ఆడపడుచు వాళ్ళ దగ్గర కొన్నాం. ఈ సంగతి తెలిసి రాజుపాలెంలో కొందరు "అంత తిరిగిన బండా!" అన్నారు. మరికొందరు "చుట్టాల దగ్గరా!" అన్నారు. మొదటి మాటకు మెకానిక్ జవాబు చెప్పగలడు. రెండో దానికే నేను చాలా వెనక్కి వెళ్ళి ఆలోచించాల్సి వచ్చింది.

కార్లు రాకముందు మన పల్లెల్లో చేతులు మారే వాహనం అంటే ఎద్దులే కదా. సంతలో ఎద్దును కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. పాలపళ్ళు పోయి పెద్దపళ్ళు రెండేసి చొప్పున వస్తాయి కాబట్టి రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది అని వయసు లెక్క. మా పల్నాడులో బండలాగుడు పందేలకు జతల్ని ఇప్పటికీ ఆ లెక్కతోనే విడదీస్తారు. చిక్కంతా ఎనిమిది పళ్ళూ వచ్చేశాక మొదలవుతుంది. అక్కడి నుంచి పళ్ళ అరుగుదల చూసి అంచనా వేయాల్సిందే. కొమ్ములు చెక్కి నూనె రాసి, మెడకు కొత్త పట్టెడ కట్టి నిలబెడితే ముసలి ఎద్దు కూడా పడుచుదిలా కనబడుతుంది. ఈ రోజు సీట్ కవర్లు మార్చి, టైర్లకు నల్లగా పాలిష్ కొట్టి నిలబెట్టిన కారును చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

ధర సంగతి ఇంకా తమాషాగా ఉండేది. సంతలో బేరం నోటితో జరగదు. తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని మాట్లాడుకుంటారు. పక్కవాడికి అంకె తెలియదు, కాదన్నా ఎవరికీ చిన్నతనం ఉండదు. అదే ఎద్దు చుట్టం ఇంట్లోదైతే సంతకు వెళ్ళే పని లేదు. అది అరక ఎలా లాగుతుందో, ఏ ఎండాకాలం జబ్బు చేసిందో ఇద్దరికీ తెలుసు. అయినా ఆ బేరానికి మధ్యలో ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టేవాళ్ళని మా తాత చెప్పేవాడు. ఎద్దు గురించి చెప్పడానికి కాదు, అంకె చెప్పడానికి. సొంతవాళ్ళ నోటి నుంచి అంకె రాకూడదన్నమాట. (సొంతవాళ్ళు ఎదురుబొదురు కూర్చుని పందెం కాస్తే ఏమవుతుందో పల్నాటి వాళ్ళకు ఒకరు చెప్పాలా? 12వ శతాబ్దంలో నలగామరాజు, మలిదేవుడు ఒక తండ్రి బిడ్డలే. కోడిపందెం దగ్గర మొదలై కారంపూడి దాకా వెళ్ళింది.)

కార్ల కాలానికి వద్దాం. 1983కి ముందు మన దేశంలో కారు కొనాలంటే డబ్బొక్కటి ఉంటే చాలదు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్, కొన్నాళ్ళు మద్రాసు స్టాండర్డ్, అంతే. ఎవరు ఎన్ని తయారు చేయాలో లైసెన్సు చెప్పేది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. అందుకని చేతిలో ఉన్న పాత బండికి షోరూమ్ ధర కంటే ఎక్కువ పలికిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అప్పట్లో బావమరిదికో తోడల్లుడికో కారు అమ్మడం అంటే, బయట వచ్చే ఎక్కువ డబ్బు వదులుకుని ఇవ్వడమే. అమ్మినవాడు మేలు చేసినట్టు, కొన్నవాడు రుణపడినట్టు. మా పెద్దవాళ్ళ నోట "ఆయన కారు మాకిచ్చాడు" అన్న మాట విన్నాను కానీ "అమ్మాడు" అన్న మాట వినలేదు. ఆ ఇవ్వడంలో డబ్బు ఎంతో కొంత చేతులు మారే ఉంటుంది మరి.

1983 డిసెంబర్ 14న మారుతి 800 రావడంతో ఇది తిరగబడింది. మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీలో ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి అందుకున్నారు. ధర సుమారు 47,500 రూపాయలు. ఆయన 2010లో పోయేదాకా ఆ కారును అమ్మనే లేదట. అందరూ ఆయనలా ఉంటే పాత కార్ల బజారే ఉండేది కాదు. కొత్తవి తేలిగ్గా దొరుకుతున్నకొద్దీ పాతవాటి ధర పడిపోయింది. ఇప్పుడు మేలు చేసేది కొనేవాడా, అమ్మేవాడా అన్నది తేలని పరిస్థితి. చుట్టాల మధ్య కారు బేరం కష్టమైంది ఇక్కడి నుంచేనని నా అభిప్రాయం.

కామర్స్ చదువుతున్న మా పెద్దమ్మాయి ఈ గొడవ విని, "అమ్మా, దీని మీదే ఒకాయనకు నోబెల్ ఇచ్చారు" అంది. జార్జ్ అకెర్లాఫ్ అని అమెరికా ఆర్థికవేత్త. అక్కడ డొక్కు కారును నిమ్మకాయ అంటారట. ఆయన 1970లో నిమ్మకాయల బజారు గురించి ఒక వ్యాసం అచ్చు వేయించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పింది ఇది: పాత కారు లోపాలు అమ్మేవాడికే తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి తక్కువ ధరే చెబుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజారులో డొక్కులే మిగులుతాయి. ఆయన 1967–68లో ఢిల్లీలో ఒక ఏడాది ఉన్నాడట. ఆ వ్యాసంలో మన దేశపు వడ్డీ వ్యాపారుల గురించి, ఒకే వర్గం వాళ్ళు తమలో తాము నమ్మకం మీద వ్యాపారాలు నడపడం గురించి కూడా రాశాడు. తెలిసినవాళ్ళ మధ్య అయితే మోసానికి చోటు తక్కువ కదా.

సంతలో నోరు తెరిచి చూసిన మా తాతకు ఇది చెబితే నవ్వేవాడేమో. కానీ ఆ వ్యాసం చుట్టాల గుమ్మం దగ్గర ఆగిపోతుంది. చుట్టం కారులో తెలియనిది ఏమీ లేదు. తెలియనిదల్లా ధరే.

తెలియడం ఎంత విలువైనదో కూడా చెప్పాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పాక, అక్కడి బండ్లు చవగ్గా మిగతా రాష్ట్రాలకు వచ్చాయి. ఎవరు నడిపారో తెలియదు, ఎంత తిరిగిందో మీటరు చెప్పిందే నమ్మాలి. ఆ అంకెను లాప్‌టాప్ పెట్టి నిమిషాల్లో తగ్గించేవాళ్ళున్నారు. యాభై వేలే తిరిగిందన్న బండికి బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తే, స్టీరింగ్ అద్దంలా మెరుస్తుంటే ఆ అంకెను నమ్మకండి. ఎద్దు పళ్ళు చూసినట్టే అది. కంపెనీ సర్వీసు సెంటర్లో ప్రతి సర్వీసుకూ రీడింగ్ రాసి ఉంటుంది, ఆ వరస ఒకసారి అడిగి చూసుకోండి.

మా కారుకు అదేమీ అక్కర్లేకపోయింది. అన్నయ్యగారు, అంటే మా వదిన భర్త, పురుగుమందుల కంపెనీ పని మీద ఆ కారులో ఊళ్ళు తిరిగారు. ఎక్కువ భాగం హైవే మీదే. పదివేలకొకసారి ఆయిల్ మార్చిన తేదీ, రీడింగ్, అయిన ఖర్చు ఒక చిన్న నోటుబుక్కులో రాసిపెట్టారు. ఊళ్ళో పది కిలోమీటర్లు గేర్లు మారుస్తూ తిరిగే బండి కంటే హైవే మీద వంద పోయిన బండికి అరుగుదల తక్కువని మెకానిక్ అన్నాడు. దాని 1.3 డీజిల్ ఇంజన్ ఫియట్ వాళ్ళది. ఒకే ఇంజన్ మారుతిలోనూ టాటాలోనూ ఉండేది కాబట్టి సామాను దొరుకుతుంది. 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లు మానేసింది, అయినా ఇబ్బంది లేదన్నాడు. క్లచ్ మాత్రం త్వరలో మార్చాలన్నాడు.

మాకు కారు కావాల్సింది అత్తయ్య కోసం. నెలకు రెండుసార్లు ఆవిడను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ప్రతిసారీ కిరాయి కారు మాట్లాడుకోవడం భారమైంది. ఆవిడ మా వదినకు కన్నతల్లి. ఇక ధర ఎలా తేలుతుంది చెప్పండి?

వదిన ఫోన్లో, "అమ్మని తిప్పడానికేగా, డబ్బులేంట్రా, తీసుకుపో" అంది. మా ఆయన, "ఆడపిల్ల సొమ్ము మేం తినం అక్కా" అన్నాడు. అన్నయ్యగారిని అడిగితే, "మీకు తోచింది ఇవ్వండి బావా" అన్నారు. తెలుగులో ఇంతకంటే కష్టమైన ధర లేదు. తక్కువిస్తే ఆడపిల్ల ఇంటి నుంచి దోచుకున్నట్టు. బజారు ధర ఇస్తే, తల్లి వైద్యానికి కూతురు డబ్బు పుచ్చుకున్నట్టు వాళ్ళకు మాట. మూడు వారాలు ఎవరూ కారు ఊసెత్తలేదు. వదిన రోజూ చేసే ఫోను రెండు రోజులకొకసారికి వచ్చింది. అత్తయ్య ముఖం చూస్తే నాకే బాధనిపించింది. కారు వద్దు ఏమీ వద్దు అనేదాకా వచ్చింది ఆవిడ.

చివరికి తువ్వాలు పని మెకానిక్ చేశాడు. ఇలాంటి బండిని పాత కార్ల వ్యాపారి ఎంతకు కొంటాడో కనుక్కోమన్నాం, ఎంతకు అమ్ముతాడో కనుక్కోమన్నాం. కొనేది లక్షా తొంభై, అమ్మేది రెండు లక్షల అరవై. మధ్యలోది వ్యాపారి లాభం, అతని బాగుచేత ఖర్చు, ఆ లాభం మీద జీఎస్టీ. మామూలు మనుషులు ఒకరికొకరు అమ్ముకుంటే ఆ పన్ను లేదు. నడిమి అంకె రెండు లక్షల ఇరవై ఐదు వేలు. క్లచ్ కోసం అన్నయ్యగారే పదివేలు తగ్గించారు. అంకె మూడో మనిషి నోటి నుంచి వచ్చింది కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు. డబ్బు బ్యాంకు ద్వారా, ఆర్‌సీలో పేరున్న అన్నయ్యగారి ఖాతాకే పంపాం.

కాగితాల దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. "మన మధ్య కాగితాలేంటమ్మా, నెమ్మదిగా చూద్దాం" అన్నారు అన్నయ్యగారు. ఆయన మంచికే చెబుతున్నానన్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. ఫామ్ 29, ఫామ్ 30 అవే. రాయకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఒక కారు అమ్మకాల మీద అమ్మకాలు జరిగి చేతులు మారింది, ఎవరూ ఆర్‌సీ మార్పించుకోలేదు. 2009లో ప్రమాదం జరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆ రోజు బండి ఎవరి చేతిలో ఉన్నా సరే, రిజిస్ట్రేషన్‌లో పేరున్న మొదటాయనే పరిహారం కట్టాలని తీర్పు. అంటే పేరు మార్చకపోతే మా బండి ప్రమాదానికి ఒంగోల్లో మా అన్నయ్యగారు కోర్టుకెక్కాలి. ఈ మాట చెప్పాక ఆయన మారు మాట్లాడలేదు, ఆ వారమే సంతకాలు పెట్టారు.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మా పేరుకు మార్పించుకున్నాం. క్లెయిము లేనందుకు వచ్చే తగ్గింపు బండితో రాదు, మనిషితో పోతుంది. అది అన్నయ్యగారి కొత్త కారుకు పనికొచ్చింది. నంబరు మాత్రం పాతదే, ఏపీ 27, ప్రకాశం జిల్లాది. మా జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. అప్పటికి మూడేళ్ళ ముందే కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఏపీ 39 అని ఒకటే వరస మొదలైంది. కాబట్టి నంబరు చూసి ఫలానా పల్నాడు బండి అనే యోగం మాకు ఏ కారుతోనూ లేదు. రిజిస్ట్రేషన్ 2027 దాకా ఉంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు.

మూడో నెలలో ఏసీ కంప్రెసర్ పోయింది. పద్దెనిమిది వేలు. బండి ఒంగోలు దాటాక ఖర్చు మాది అని ముందే అనుకున్నాం కాబట్టి వాళ్ళకు చెప్పలేదు. అత్తయ్య చెప్పేసింది. వదిన ఆ సాయంత్రమే ఫోన్‌పేలో పదివేలు వేసింది. మా ఆయన తిప్పి పంపాడు. ఆవిడ మళ్ళీ వేసింది. మూడోసారి నేను ఆపి, ఆ డబ్బు అలా ఉంచి, సంక్రాంతికి వదినకు పట్టుచీర తీసుకున్నాం. పుట్టింటి చీర కాబట్టి ఆవిడ వద్దనలేదు.

అన్నయ్యగారు ఇప్పటికీ ఫోను చేస్తే "మన బండి ఎలా ఉంది? ఆయిల్ మార్చారా?" అని అడుగుతారు. ఆ నోటుబుక్కులో ఆయన రాత ఆగిన చోటి నుంచి మా ఆయన రాస్తున్నాడు, మొన్న రెండు లక్షల నాలుగు వేల దగ్గర క్లచ్ ఖర్చు ఎక్కింది. అత్తయ్య మటుకు ఆసుపత్రి దగ్గర ఎవరడిగినా "మా అల్లుడి కారు" అనే చెబుతుంది. ఆర్‌సీలో పేరు మారిన సంగతి ఆవిడకు రెండుసార్లు చెప్పాం.