ప్రాసెసర్ హాట్‌ప్లగ్, కాల్‌బ్యాక్ జాబితాలు

యంత్రం నడుస్తుండగానే ఒక ప్రాసెసర్‌ను పనిలోకి దించడాన్ని, పనినుంచి తప్పించడాన్ని హాట్‌ప్లగ్ అంటారు. అలా వచ్చే ప్రాసెసర్‌కు సొంత కాల్‌బ్యాక్ జాబితాను ఎవరు, ఏ క్షణంలో సిద్ధం చేయాలి? చూడటానికి చిన్న ప్రశ్నే. లినక్స్ కెర్నెల్‌లో అది పదేళ్లకు పైగా నలిగింది.

ఈ జాబితాలకు మూలం ఆర్‌సీయూ పద్ధతి. 1990లలో సీక్వెంట్ సంస్థలో పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ దీన్ని రూపొందించారు. పాత డేటాను ఇంకా ఎవరైనా చదువుతూ ఉండవచ్చు కనుక వెంటనే చెరపకుండా, ‘తర్వాత విడుదల చేయి’ అనే చీటీని, అంటే కాల్‌బ్యాక్‌ను, ఆ పని చేస్తున్న ప్రాసెసర్ జాబితాలో వేస్తారు. జాబితా ఉమ్మడిది కాదు కాబట్టి తాళం కోసం ఎవరూ కాచుకోనక్కరలేదు. 1999లో సీక్వెంట్‌ను ఐబీఎం కొనుక్కుంది. ఐబీఎం భారత విభాగానికి చెందిన దీపాంకర్ శర్మ కృషితో ఆర్‌సీయూ 2002లో లినక్స్ 2.5.43లో చేరింది.

2004లో రస్టీ రస్సెల్, శ్రీవత్స వడ్డగిరి తదితరుల పనితో 2.6 కెర్నెల్‌కు ప్రాసెసర్ హాట్‌ప్లగ్ వచ్చింది. అప్పటినుంచే చిక్కు. ఖల్లికోటలో కొత్త తపాలా పెట్టె పెడుతున్నారనుకుందాం. పెట్టె బిగించకముందే ఉత్తరం వేస్తే నేలపాలు. పెట్టె తీసేసేటప్పుడు లోపలి ఉత్తరాలను బరంపురానికి చేర్చకపోతే అవీ పోతాయి. అందుకే కొత్త ప్రాసెసర్ మేల్కొనకముందే, ‘సన్నాహ’ దశలో, వేరే ప్రాసెసర్ దాని జాబితాను సిద్ధం చేస్తుంది. ప్రాసెసర్ తప్పుకున్నాక మిగిలిన చీటీలను మరొకటి తన జాబితాలోకి తీసుకుంటుంది.

అసలు ప్రమాదం నమోదులో పొంచి ఉంది. ఇలాంటి ఏర్పాట్లు చేసుకునే కెర్నెల్ భాగాలు ముందు ఉన్న ప్రాసెసర్లన్నింటినీ సిద్ధం చేసి, ఆపై రాబోయేవాటి కోసం పేరు నమోదు చేసుకునేవి. ఈ రెంటి నడుమ ఒక ప్రాసెసర్ వస్తే అది ఎవరి లెక్కలోకీ రాదు. వరస తిప్పితే అదే ప్రాసెసర్ రెండుసార్లు సిద్ధమవుతుంది. పోనీ, రెండూ ముగిసేదాకా హాట్‌ప్లగ్‌ను ఆపి ఉంచితే? నమోదుకు ఇంకో తాళం కావాలి. హాట్‌ప్లగ్ ఆ తాళాన్ని ముందే పట్టుకుని, ఆపినవారు ఎప్పుడు వదులుతారా అని చూస్తుంటుంది. ఒకరి కోసం ఒకరు, ఇద్దరూ కదలరు. ఐబీఎంలో పనిచేస్తున్న శ్రీవత్స భట్ 2014లో దీన్ని విప్పారు: బయటి తాళాన్నే, అంటే నమోదు తాళాన్నే, ముందు తీసుకుని, సిద్ధం చేయడం, నమోదు రెండూ దాని కిందే ముగించే కొత్త పిలుపులు 3.15 కెర్నెల్‌లో చేరాయి. కొత్త ఊహ ఏమీ కాదు, తాళాల వరస మార్చారంతే. కానీ పాత వరస కెర్నెల్‌లో ఎన్నోచోట్ల పాతుకుపోయి ఉంది. వాటన్నింటినీ వెతికి దిద్దాల్సి వచ్చింది.

2016లో థామస్ గ్లెయిక్స్‌నర్ ప్రభృతులు అలా నమోదయ్యే నోటిఫయర్ల స్థానంలో దశల యంత్రాన్ని తెచ్చారు. నమోదు, ఉన్నవాటిని సిద్ధం చేయడం ఒక్క పిలుపులో కలిసిపోయాయి. 4.10 నాటికి పాత నోటిఫయర్లు పూర్తిగా పోయాయి.

ఆర్‌సీయూకు మాత్రం ఇంకో మెలిక మిగిలింది. యంత్రం లేచే తొలి క్షణాల్లోనే, అన్నీ అమరకముందే, కొన్ని చీటీలు పడవచ్చు. సన్నాహ దశ గుడ్డిగా జాబితాను తుడిచేస్తే అవి గల్లంతే. అందుకని 2017లో 4.12తో ఆ జాబితా విభాగాల జాబితాగా రూపు మార్చుకున్నాక కూడా, ఖాళీగా ఉందో లేదో చూశాకే దాన్ని మళ్లీ తెరిచేవారు. ప్రాసెసర్ తప్పుకున్నప్పుడు చీటీలను తరలించి, జాబితాను ‘మూసినది’గా గుర్తు పెడతారు; ఆ ప్రాసెసర్ తిరిగొచ్చినప్పుడు, సన్నాహ దశలోనే, ఆ గుర్తు తొలగుతుంది.