తుపాకులు, రసీదులు



ఎన్నికల ప్రకటన వెలువడిన మఱునాటినుండి తుపాకి లైసెన్సు గలవారికి ఠాణానుండి కబురు వచ్చుట మీరందఱు నెఱిగిన సంగతియే. తుపాకిని గుడ్డలో చుట్టుకొని, లైసెన్సు పుస్తకమును వెంట బెట్టుకొని పోయి, అప్పగించి, రసీదు పుచ్చుకొని రావలెను. ఫలితములు ప్రకటించిన వారము దినముల పిదప మరల తెచ్చుకొనవచ్చును. అల్లరులు చెలరేగిన తావులయందును ఇట్టి యుత్తరువులే వచ్చుచుండును. ఇట్టి యుత్తరువులను విని తుపాకి గలవారు పూర్వమేమనిరి, ఏమి చేసిరి, ఇప్పుడేమనుచున్నారు అను విషయమును మన గోదావరి సీమ చరిత్రతో జోడించి మీకు మనవి చేయదలచితిని.

ఆయుధమును విడిచియుండుట మనవారికి క్రొత్త కాదు. పాండవులు విరాటుని కొలువునకు బోవుచు జమ్మిచెట్టుపై నాయుధములు దాచి, అందొక శవమును గట్టి, అది తమ తల్లి శవమని దారిని బోవువారికి జెప్పిరి. వారు తమంత తాము విడిచిరి. గడువు తీఱగనే దించుకొనిరి. అరణ్యకాండలో సీతాదేవి చెప్పిన కథ మఱియొక తెఱగు. ఇంద్రుడు భటుని వేషమున వచ్చి యొక తాపసుని యొద్ద ఖడ్గమును నిక్షేపముగా నుంచి పోయెను. పరుల సొత్తు పోగూడదని యా తాపసుడు కందమూలములకు బోవునపుడును దానిని చేతబట్టి తిరుగసాగెను. క్రమముగా నాతని బుద్ధి క్రూరమై తపస్సు చెడెను. ఆయుధము నెల్లప్పుడు మోయుచుండుట మనస్సును మార్చివేయునని యామె భర్తకు విన్నవించినది. ఆర్తుల మొఱ వినబడకుండుటకే క్షత్రియుడు విల్లు ధరించునని రాముడు బదులు చెప్పెను. రెండు మాటలును నిజములే. ఆయుధ శాసనములు పుట్టిన నాటినుండి దొరతనమువారు సీతాదేవి మాటను, తుపాకి గలవారు రాముని మాటను చెప్పుచునే యున్నారు. ఇరువురును ఆ దంపతులంత నిష్కపటముగా చెప్పిరని మాత్రము నేననజాలను.

ఇక శాసనముల సంగతి. 1857లో సిపాయిల తిరుగుబాటు చెలరేగగనే ఇంగ్లీషువారు ఆ సంవత్సరముననే ఆయుధములను గూర్చి యొక చట్టము చేసిరి. 1860లో దానికి బదులుగ వేఱొక చట్టము వచ్చినది; ఒక ప్రాంతమునంతను నిరాయుధము చేయుట కధికారము దానివలన గలిగెను. ఆపత్కాలమున బుట్టిన యీ యేర్పాటు ఆపద తీఱిన పిదప తొలగిపోవలసినది. అది తొలగలేదు సరికదా, 1878లో లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నున్నపుడు స్థిరమైన శాసనమై కూర్చున్నది. లైసెన్సు లేక తుపాకి నుంచుకొనరాదు. లైసెన్సు లేక యే యాయుధమును ధరించి సంచరింపరాదు. ఆయుధమనగా తుపాకియు కత్తియు మాత్రమే కాదు. బల్లెములు, విండ్లు, బాణములు సైతము ఆ పరిభాషలో జేరినవి. వేటకాని విల్లు గూడ దొరల లెక్కలోని కెక్కెనన్నమాట. అయితే ఐరోపావారికి ఆ లైసెన్సు బాధ లేదు.

ఈ భేదమే మనవారి గుండెలలో ముల్లై నాటుకొన్నది. 1887 డిసెంబరులో మద్రాసునందు బద్రుద్దీన్ త్యాబ్జీగారి అధ్యక్షతను జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభలో ఈ శాసనము చర్చకు వచ్చినపుడు, దానిని తొలగింపవలెనని బిపినచంద్ర పాలుగారు గట్టిగా వాదించిరి. ఆనాటి సభ్యులలో బెక్కుమంది వకీళ్లు, ఉపాధ్యాయులు. జన్మమున తుపాకి పేల్చి యెఱుగనివారు. అట్టివారికి తుపాకితో నేమి పని యని యడుగవచ్చును. వారి బాధ తుపాకి లేకపోవుట కాదు. దేశములోని ప్రజలందఱును అనుమానింపదగినవారని శాసనములో వ్రాసియుండుటయే వారి బాధ. ఆ జాతిభేదము నియమములనుండి తొలగుటకు 1920 వఱకు వేచియుండవలసి వచ్చినది.

పట్టణములలో మహాసభలు, తీర్మానములు ఇట్లుండగా, రాజమహేంద్రవరమునకు ఎగువను మన్యమున కథ వేఱుగ నడచినది. 1878 శాసనము వచ్చిన మఱుసటి సంవత్సరము, 1879 మార్చిలో, రంప పితూరి పుట్టినది. దానికి కారణము ఆయుధ శాసనము కాదు. కల్లుపై వేసిన పన్నులు, మన్సబుదారుని దుండగములు, పోలీసుల పీడనము. ఐనను కొండవారు మొదట పడినది చోడవరము ఠాణా మీదనే. ఠాణాయనగా తుపాకులుండు చోటని వారెఱుగుదురు.

నలువది మూడేండ్లకు ఇదే పాఠమును అల్లూరి సీతారామరాజు మఱింత శ్రద్ధగా నడిపెను. కొండవారి చేతులలో నున్నవి విండ్లు, బాణములు, బల్లెములు. దొరతనమువారి చేతులలో తుపాకులు. తుపాకులు కొనుటకు వీలులేదు, లైసెన్సిచ్చువారు లేరు. కావున 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి, 23వ తేదీన కృష్ణదేవిపేట, 24వ తేదీన రాజవొమ్మంగి, వరుసగా మూడు దినములు మూడు ఠాణాలపై బడి మొత్తము 26 తుపాకులను, రెండువేలకు మించిన తూటాలను కొనిపోయిరి. రాజవొమ్మంగిలో బంధితుడై యున్న వీరయ్యదొరను గూడ విడిపించిరి. తాము కొనిపోయిన వస్తువుల పట్టికను ఠాణా పుస్తకములో వ్రాసి రాజు సంతకము చేసెనని ప్రసిద్ధి.

ఈ సంతకము దగ్గఱ కొంచెము నిలిచి యాలోచింపుడు. అరువది యేండ్లకు పైగా దొరతనమువారు ప్రజలనుండి ఆయుధములు పుచ్చుకొనుచు వచ్చిరి. ఇప్పుడు ప్రజలలోని యొకడు దొరతనమువారి తుపాకులను పుచ్చుకొని, దొరతనమువారికే రసీదు వ్రాసి యిచ్చినాడు. దొంగ యెన్నడును పట్టిక వ్రాసి సంతకము చేయడు. తాను దొంగతనము చేయుట లేదనియు, తుపాకుల నడుగు నధికారము తనకు గలదనియు రాజు ఆ పుటలోనే చెప్పినాడు. పోరాటములో నాతడు గెలిచినాడా యోడినాడా అను ప్రశ్న యటుండనిండు. ఆ సంతకమునకు బ్రిటిషువారియొద్ద సమాధానము లేకపోయెను.

పిదప జరిగినది మఱింత వింత. సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో స్కాటు కవర్డు, హైటరు అను నిద్దఱు ఇంగ్లీషు అధికారులు మడిసిరి. ఆ తరువాత అక్టోబరు 15వ తేదీన రాజు ముందుగా కబురంపి మఱీ అడ్డతీగల ఠాణాను ముట్టడించెను. అచ్చట తుపాకులు దొరకలేదు; పోలీసులు వానిని దాచివైచిరి. 19వ తేదీన పట్టపగలు రంపచోడవరము ఠాణాకు బోగా అచ్చటను దొరకలేదు, ముందుగానే తరలించిరి. చూచితిరా! మీ తుపాకులు మీ యిండ్లలో క్షేమము కాదు, మా ఠాణాలో నుంచుడు అని చెప్పిన దొరతనమువారికే తమ ఠాణా క్షేమము కాకపోయినది. తుపాకి గలవాడు అత్యవసర సమయమున దానిని దాచుట నేరమని శాసనము చెప్పుచుండగా, ఆ శాసనము చేసినవారే తమ తుపాకులను దాచుకొనవలసి వచ్చినది. 1924 మే 7వ తేదీన రాజు పట్టుబడి కొయ్యూరు చెంత కాల్పబడెను. తుపాకుల వెదకులాటయు దానితో ముగిసెను.

కొండలలో నిట్లుండ, దేశములో వాదము మాత్రము ఆగలేదు. అహింసావ్రతుడైన గాంధీగారే 1918లో ఖేడా జిల్లాలో సైనికులను జేర్చుచు ఈ శాసనమును తీవ్రముగా గర్హించిరి. 1930 జనవరిలో వారు వైస్రాయి ముందుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులిచ్చుట యొకటి. 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానములో, నియమములకు లోబడి ఆయుధముల నుంచుకొను హక్కును గూడ జేర్చిరి. స్వరాజ్యము వచ్చిన పిదప 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు హెచ్. వి. కామత్ గారు ఆ మాటను జ్ఞాపకము చేసి, ఆ హక్కును రాజ్యాంగములో వ్రాయుడని సవరణ దెచ్చిరి. డాక్టరు అంబేద్కరుగారు సమ్మతింపలేదు. పరాయి ప్రభుత్వము జాతినంతను నిరాయుధము చేసిననాడు ఆ కోరిక న్యాయమే. ఇప్పుడు ప్రతివాడును అంగడికి బోయి ఆయుధము కొనుటకు హక్కు గలవాడైనచో శాంతిభద్రతలు నిలువవని వారి వాదము. దేశ విభజన నాటి రక్తపాతము అప్పటికింకను ఆఱలేదు. కామత్ గారి సవరణ వీగిపోయినది. ఆయుధములు లేక శాంతముగా గూడు హక్కు మాత్రము రాజ్యాంగమున నిలిచినది. మా ఆత్రేయపురము 2022లో అంబేద్కరుగారి పేరిటి కోనసీమ జిల్లాలో జేరినది గనుక ఈ సంగతి మావారికి ప్రత్యేకముగా జెప్పుచుందును. వారు చెప్పినది సబబేయని నా యభిప్రాయము. హక్కు గాకున్నను న్యాయము మాత్రముండవలెను గదా.

1959లో క్రొత్త ఆయుధ చట్టమును చేసిరి. 1962 అక్టోబరు 1వ తేదీనుండి అది నడచుచున్నది. ఆత్మరక్షణకు గాని క్రీడకు గాని యిరువది అంగుళములకు తక్కువ గాని నునుపు గొట్టపు తుపాకి, పంట కాపుదలకు ముందునుండి మందు దట్టించు తుపాకి, వీనికి లైసెన్సు నిరాకరింపరాదని సామాన్యముగా అందున్నది. రైతును దృష్టిలో నుంచుకొని వ్రాసిన మాటలివి. 1983లో దానికి మఱికొన్ని మాటలు చేర్చిరి. కల్లోల ప్రాంతమని ప్రకటించిన చోట, ప్రకటనలో పేర్కొన్న ఆయుధములను ఉంచుకొనుట గాని బహిరంగ స్థలములలో ధరించుట గాని ప్రభుత్వము నిషేధింపవచ్చును. 2019లో ఒకనికి మూడు తుపాకుల పరిమితిని రెంటికి తగ్గించి, మిగిలినదానిని అప్పగించుటకు గడువు పెట్టిరి. అదే ప్రభుత్వము అదే సంవత్సరము కొడగు ప్రజలకు 1861 నుండి వచ్చుచున్న లైసెన్సు మినహాయింపును 2029 వఱకు పొడిగించెను. కొడవ యింట బిడ్డ పుట్టిన నొక తుపాకి మ్రోత, చావు కలిగిన రెండు మ్రోతలు. తుపాకి వారికి మన జేగంటవంటిది. ఆ దేశాచారమును మన్నించినవారు కొండరెడ్ల విల్లమ్ముల విషయమున ఆనాడు అట్టి మన్నన చూపలేదు.

మా లంకలలో కొబ్బరి, అరటి పండించుకొనువారికిని, పూతరేకులు చుట్టు నిల్లాండ్రకును తుపాకితో బని యరుదు. ఐనను నా చిన్నతనమున మాయూర నొక మోతుబరి రైతున కొంటి గొట్టపు తుపాకి యుండెడిది. ఎన్నికలు వచ్చినపుడెల్ల ఆయన తుపాకి నప్పగించుటకు ఎన్నడును విచారింపలేదు. రసీదు వ్రాయుటలో జాగు జరిగినపుడు మాత్రము ఠాణా అరుగు దిగెడివాడు కాడు. తుపాకి సంఖ్య, దాని గొట్టము మీది గీతలు, తూటాల లెక్క అన్నియు కాగితము మీద పడిన పిమ్మటనే కదలెడివాడు. నలువది యేండ్లు లెక్కలు చెప్పిన నాకు ఆ లెక్క మిక్కిలి నచ్చెడిది.

ఎన్నికల సంఘము వ్రాసిన పద్ధతి కూడ ఇంచుమించు ఆ రైతు కోరిన తీరుననే యున్నది. జిల్లా అధికారుల సమీక్షా సంఘము లైసెన్సులను ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను. జామీనుపై విడుదలైనవారు, నేర చరిత్ర గలవారు, వెనుకటి యెన్నికలలో అల్లరులలో దిగినవారు, ఇట్టివారి విషయమున ముఖ్యముగా విచారింపవలెను. ఆచరణలో మాత్రము పెక్కు జిల్లాలలో అందఱును తెచ్చి యిండని యొక్క ప్రకటనతో పని ముగించుచుందురు. అధికారికి శ్రమ తక్కువ. 2024 మార్చిలో అలహాబాదు హైకోర్టు లక్నో ధర్మాసనము దీనినే తప్పుబట్టినది. సామాన్యముగా నందఱిని ఒత్తిడి చేయరాదు. ఎవని తుపాకి పుచ్చుకొనవలసియున్నదో వానికి కారణము వ్రాతపూర్వకముగా తెలుపవలెనని తీర్పు చెప్పినది. ఆ కోర్టుకు బోయినవారు తమ తుపాకులను దాచినవారు కారు, శాసనమును ధిక్కరించినవారు కారు. లైసెన్సు రుసుము క్రమముగా జెల్లించువారే.

మన రాష్ట్రములో ఆ సంవత్సరము మార్చి 16వ తేదీన ప్రకటన వెలువడినది. మే 13వ తేదీన పోలింగు. జూన్ 4వ తేదీన ఫలితములు. వారము గడువు గూడ కలుపుకొన్నచో తుపాకి ఇంచుమించు మూడు మాసములు ఠాణాలో నుండవలెను. ఏజెన్సీ దాపున కొండవాలు చేలలో మొక్కజొన్న కంకులు ముదురుటయు, రాత్రులయందు అడవిపందులు మందలుగా దిగుటయు ఆ దినములలోనే. పంట కాపుదలకని ప్రభుత్వమే లైసెన్సిచ్చిన రైతు, పందులను బెదరించుటకు డబ్బా వాయించుకొనుచు మంచెమీద కూర్చుండును. రసీదు ఆయన జేబులోనే యుండును.