మా డాబా మీద వాతావరణ శాఖ

మొన్న ఏప్రిల్‌లో రెండు కిలోల మినప్పప్పు రుబ్బి, డాబా మీద పాత చీర పరిచి పెట్టిన గుమ్మడి వడియాలు ఒక్క జల్లుకి మళ్ళీ పిండైపోయాయి. పొద్దున్న చూస్తే ఎండ పెనంలా కాలుతోంది. మూడు గంటలకి ఎక్కణ్ణించి వచ్చిందో ఒక మబ్బు, నేను మెట్లెక్కేలోపలే తన పని కానిచ్చుకుని వెళ్ళిపోయింది. నేను శాపనార్థాలు పెడుతూ చీర దులుపుతుంటే మా అబ్బాయి నవ్వి, "మన డాబా మీద ఒక వెదర్ స్టేషన్ పెట్టుకుందామమ్మా" అన్నాడు.

"ఎంతవుతుందిట?" అన్నారు మావారు పేపరు దించకుండానే.

గాలి వేగం, వాన, తేమ, ఒత్తిడి అన్నీ చెప్పే దాని ధర పదివేలు దాటింది. "ఆ డబ్బుతో ఎన్నేళ్ళకి సరిపడా వడియాలొస్తాయో!" అని ఆయన పేజీ తిప్పేశారు.

సంగతి అక్కడితో ఆగిపోవలసిందే. కానీ నాదో పాడు అలవాటు. చీరైనా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తేగాని కొనను. నాలుగు పుస్తకాలు తిరగేశాను. చెప్పొద్దూ, వడియాల బెంగ కాస్తా ఎగిరిపోయింది.

అన్నిటికన్నా పాతదీ, చవకదీ వాన కొలిచే పాత్ర. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే అది ఉంది. ధాన్యపు కొట్టు ముందర మూరెడు వెడల్పు మూతి ఉన్న పాత్ర పెట్టమన్నాడు. ఏ దేశంలో ఎంత వాన పడుతుందో ద్రోణాల లెక్కన చెబుతూ అశ్మక దేశానికి పదమూడున్నర ద్రోణాలన్నాడు. మన బోధన్ ప్రాంతం ఆ అశ్మకంలోదేనని చరిత్రకారులంటారు. అంటే ఇంటివాళ్ళ వాన లెక్క అప్పుడే శాస్త్రంలోకి ఎక్కిందన్నమాట! ధాన్యపు కొట్టు ముందరే ఎందుకు పెట్టమన్నాడంటారా? వాన లెక్కంటే తిండి లెక్కే కదండీ.

గాలిలో తేమ కొలిచే పరికరం కథ ఇంకా బాగుంది. జెనీవాకు చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త 1783లో దాన్ని మనిషి వెంట్రుకతో తయారుచేశాడు. జిడ్డు వదలగొట్టిన వెంట్రుక తేమ తగిలితే సాగుతుంది, పొడిగాలికి కుదించుకుంటుంది. దానికి ఒక ముల్లు తగిలిస్తే తేమ ఎంతో అదే చూపిస్తుంది. ముసురు రోజుల్లో మన జడ ఎందుకు మాట వినదో దువ్వెన పట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. దాన్నుంచి యంత్రం పుట్టించాలన్న ఆలోచన మాత్రం ఆయనకి వచ్చింది!

ఇక బారోమీటరు. 1643లో ఇటలీలో టారిచెల్లీ గాజుగొట్టంలో పాదరసం నింపి, బోర్లించి, గాలికీ బరువుందని చూపించాడు. పాదరసం దాదాపు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. మూరన్నర పైచిలుకు గాజుగొట్టాన్ని ఏ ఇల్లాలు భరిస్తుంది? 1844లో ఫ్రాన్సులో విడీ అనే ఆయన గాలి తీసేసిన చిన్న లోహపు డబ్బీతో అనరాయిడ్ బారోమీటరు చేశాడు. అప్పుడది గోడ గడియారంలా ఇళ్ళలోకి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మేముండేది హైదరాబాదు. ఇది సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. సముద్రతీరంలో 1013 మిల్లీబార్లు చూపించే ముల్లు ఇక్కడ సుమారు 60 తక్కువ చూపిస్తుంది. ఎత్తుకు తగ్గట్టు మర తిప్పి సరిచేయకపోతే, ఆకాశం నిర్మలంగా ఉన్నా ఆ బారోమీటరు ఏడాది పొడుగునా "తుపాను, తుపాను" అంటూనే ఉంటుంది, మా తోడికోడలు లాగ! ఇంకోటి. మన వేడి ప్రాంతాల్లో గాలి ఒత్తిడి రోజూ రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. పది గంటల వేళ ఎక్కువ, నాలుగు గంటల వేళ తక్కువ. సాయంత్రం ముల్లు కాస్త దిగిందని కంగారు పడక్కర్లేదు.

చదువుతూ ఉండగా ఒక పేరు దగ్గర ఆగిపోయాను. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు ఉండేవారు. మద్రాసు ఆబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర శిష్యరికం చేసి వచ్చి, 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లోని తమ ఇంటి ఆవరణలోనే ఆబ్జర్వేటరీ కట్టించారు. నక్షత్రాలతో పాటు ఎండా వానా కూడా అక్కడ లెక్కకెక్కాయి. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు ఆ పని కొనసాగించారు. 1892లో ఆయన కూడా పోయాక ఆబ్జర్వేటరీని ప్రభుత్వానికి అప్పగించినది ఆయన భార్య, జగ్గారావు గారి కూతురు అచ్చయ్యమ్మ గారు. తండ్రి కట్టాడు, భర్త నడిపాడు, పది కాలాలపాటు నిలిచే దారి ఆవిడ చూసింది. నలుగురికీ పనికొచ్చే వస్తువుని నలుగురికీ ఇవ్వడం కూడా ఒక శాస్త్రమేననిపించింది.

ఆడవాళ్ళ మాట వచ్చింది కనక అన్నా మణి గారి సంగతి చెప్పకపోతే పాపం. 1918లో తిరువాన్కూరులో పుట్టారు. ఎనిమిదో పుట్టినరోజుకి రవ్వల దుద్దులిస్తామంటే వద్దని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగారట. భౌతికశాస్త్రం చదవాలని 1945లో లండన్ వెళితే, దొరికిన స్కాలర్‌షిప్ వాతావరణ పరికరాల మీద! సరే, అదే నేర్చుకుని 1948లో వచ్చి వాతావరణ శాఖలో చేరారు. అంతవరకూ విదేశాల నుంచి తెప్పించుకుంటున్న పరికరాలను మన దేశంలోనే తయారుచేసేందుకు, దాదాపు వంద పరికరాలకు ప్రామాణికమైన నమూనాలు గీయించారు. తప్పుడు కొలత కంటే అసలు కొలవకపోవడం మేలన్నది ఆవిడ నమ్మకం.

ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. మా మేనత్త గుర్తొచ్చింది.

1977లో నాకు పన్నెండేళ్ళు. మా మేనత్తది దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. మొత్తం పదివేల మందికి పైగా పోయారు. వాళ్ళలో మా అత్తయ్యా, ఆవిడ చంటిపిల్లా ఉన్నారు. మామయ్య తుమ్మచెట్టు పట్టుకుని బతికాడు. "రేడియోలో తుపానని విన్నాం. ఏటా వచ్చేదే కదా అనుకున్నాం" అన్నాడు ఒకే ఒకసారి. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మా నాన్నమ్మ బతికున్నన్నాళ్ళూ కార్తీకంలో మబ్బేస్తే అన్నం ముట్టేది కాదు.

అంతకుముందు 1864లో బందరు ఉప్పెనలో దాదాపు ముప్పైవేల మంది పోయారు. 1875లో గాని దేశానికి వాతావరణ శాఖ ఏర్పడలేదు. మరి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడో? ఎక్కడ తీరం దాటేదీ ముందే చెప్పారు, చెప్పింది జనం విన్నారు, లక్షలమంది కదిలారు. ఊరు చిందరవందరైనా ఆంధ్రప్రదేశ్‌లో పోయిన ప్రాణాలు వంద లోపే. కొలవడం ఒక ఎత్తు, చెప్పింది నమ్మి లేచి నడవడం ఇంకో ఎత్తు.

డాబా మీద పరికరం పెట్టి తుపాను కనిపెట్టేస్తాననే భ్రమ నాకు లేదు. కానీ రోజూ ఆకాశాన్ని లెక్కలో పెట్టుకునే మనిషికి, వాతావరణ శాఖ చెప్పే మాట ఉత్త మాటలా వినిపించదు.

అందుకని పదివేలది వద్దన్నాను. నిలువు గోడల వాన పాత్ర ఒకటి, వేడీ తేమా చూపించే చిన్న డిజిటల్ డబ్బీ ఒకటి, రెండూ కలిసి వెయ్యి లోపే తేలాయి. పాత్ర కూడా కొనలేనివారు నిలువుగా ఉన్న డబ్బా, స్కేలూ పెట్టుకున్నా చాలు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు. డాబా మీద ఎన్ని బిందెలు పోతున్నాయో లెక్క కట్టుకోవచ్చు.

వస్తువు కంటే చోటు ముఖ్యం. వాన పాత్రకి గోడా చెట్టూ అడ్డురాకూడదు. ధర్మామీటరు ఎండలో పెడితే అది చూపించేది తన వేడినే, గాలి వేడిని కాదు. 1864లో థామస్ స్టీవెన్‌సన్, అదే, ట్రెజర్ ఐలండ్ రాసినాయన తండ్రి, రెక్కల తలుపుల తెల్లపెట్టె తయారుచేసింది అందుకే. మావారు పాత కిటికీ రెక్కలతో అలాంటిదే ఒకటి బిగించి, పెరట్లో నాలుగడుగుల ఎత్తున నిలబెట్టారు. పేపరు దించి మరీ!

పొద్దున్న ఎనిమిదిన్నరకి, వాతావరణ శాఖ వాళ్ళు చూసే వేళకే నేనూ చూసి పాలపద్దు పుస్తకంలో రాస్తున్నాను. మొదటి పేజీలో మా అత్తయ్య పేరు రాశాను. ఎందుకో ఎవరూ అడగలేదు.

నిన్నటి పద్దు: వాన సున్నా. తేమ తక్కువ. వడియాలు ఎండాయి.